పెడల్‌లో తేనెటీగలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే

ప్రశ్న: అన్నా, మాది ఆదోని. డిగ్రీ రెండో సంవత్సరం. రెండేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నా. ఫెండర్ స్ట్రాట్ గిటార్‌కి కాపీ, తీగల కదలికని పట్టే పికప్‌లు మూడూ సింగిల్ కాయిల్ రకమే. పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్, ఒక ఆరెంజ్ రంగు డిస్టార్షన్ పెడల్ ఉన్నాయి. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ సోలోల్లాంటి సౌండ్ కావాలని నా పిచ్చి. పెడల్‌ని అక్క ల్యాప్‌టాప్‌లో మైక్ పిన్నుకి కలిపి రికార్డు చేస్తే మాత్రం తేనెతుట్టె కదిలినట్టు వస్తోంది. దానికి తోడు వాయించకుండా ఊరికే కూర్చున్నా గుయ్‌మని ఒకటే మోత. ట్యూషన్లు చెప్పి 35,000 దాచాను. ఒక ఫజ్, ఒక కోరస్, ఒక డిలే, ఇంకో మంచి డిస్టార్షన్ కొందామని లిస్టు రాసుకున్నా. ఫ్రెండేమో అన్ని పెడల్సూ ఒకే డబ్బాలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ కొనమంటున్నాడు. మా నాన్న జిన్నింగ్ మిల్లులో మెకానిక్, "ఒక్క గిటార్‌కి ఇన్ని డబ్బాలెందుకురా" అంటున్నాడు. పాత పెడల్ అమ్మేయాలా? బ్యాండ్ ఇంకా లేదు, ఇంట్లోనే వాయిస్తాను.

జవాబు:

తమ్ముడూ, లిస్టులో రాసుకున్న ఆ నాలుగు పెడల్స్‌నీ ముందు తీసెయ్, తర్వాత మాట్లాడుకుందాం. నీ ఉత్తరంలో రెండు జబ్బులున్నాయి. తేనెతుట్టె ఒకటి, గుయ్‌మనే మోత ఒకటి. దేనిది దానిదే, రెంటికీ సంబంధం లేదు, నీ లిస్టులో రెంటికీ మందు కూడా లేదు. పైగా ఆ ఫజ్ కొని అదే ల్యాప్‌టాప్‌కి కలిపావనుకో, ఒక తుట్టె ఉన్నచోట రెండు తుట్టెలవుతాయి, అంతే తేడా.

ముందు తేనెటీగల సంగతి చూద్దాం. గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ మనం పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. అదొక కాగితపు కోను, సాధారణంగా పన్నెండంగుళాలది, ఐదారు వేల హెర్ట్జ్ దాటాక అది గొంతు మూసేస్తుంది. డిస్టార్షన్ పెడల్ చేసే పనేమో తీగ నుంచి వచ్చిన తరంగానికి తలా తోకా నరికి చదును చేయడం. అలా నరికినప్పుడు అసలు స్వరం మీద ఇంకా బోలెడు స్వరాలు పుట్టుకొస్తాయి, పది వేలు, పన్నెండు వేల హెర్ట్జ్ దాకా పోతాయి. స్పీకర్ వాటిని జల్లెడ పట్టి, పిండి కిందికి వదిలి తౌడు పైనే ఆపేస్తుంది. నువ్వు పెడల్ నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి పోయావు, మధ్యలో జల్లెడే లేదు. నీ తేనెటీగలంటే ఆ తౌడే.

ఈ పాఠం నేను నలుగురిలో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నా. అనంతపురంలో ఒక ఫంక్షన్ హాల్లో ఫ్రెండ్ వాళ్లక్క రిసెప్షన్, ఆంప్ మోసుకురావడానికి బద్ధకించి, పెడల్‌ని మైక్‌సెట్టు వాళ్ల మిక్సర్‌కే కలిపేశాం. మొదటి కార్డ్ కొట్టగానే మైక్‌సెట్టు కుర్రాడు పరిగెత్తుకుంటూ పోయి పెద్ద బాక్సు మీద చెయ్యి పెట్టి చూశాడు, కోను చిరిగిందేమోనని. రెండో కార్డ్ కొట్టాక ఆ పిల్లాడికి అర్థమైంది చిరిగింది కోను కాదని, మా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి ఇంటికొచ్చి పెడల్ మంచిది కాదని తిట్టుకుని, ఇంకో పెడల్ కొన్నాను. నువ్విప్పుడు చేయబోతున్నదే.

సరే, ఈ రాత్రికే చేయగలిగిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ దించుకో, 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడుకోవచ్చు. దాంట్లో నీ తేనెతుట్టె రికార్డింగ్‌నే వెయ్. ఆ ట్రాక్ మీద ఒక ఉచిత ఐఆర్ లోడర్ పెట్టి, పన్నెండంగుళాల క్యాబినెట్ ఐఆర్ ఒకటి ఎక్కించు, ఉచితంగా బోలెడు దొరుకుతాయి. ఐఆర్ అంటే ఇంపల్స్ రెస్పాన్స్, ఫలానా స్పీకర్ ముందు ఫలానా మైకు ఫలానా దూరంలో పెడితే ధ్వని ఎలా మారుతుందో పట్టి దాచిపెట్టిన చిన్న ఫైలు. దాన్ని ఒకసారి ఆన్ చెయ్, ఒకసారి ఆఫ్ చెయ్. ఆన్ చేసినప్పుడు వినిపించేది గిటార్. మైక్ పిన్నులోకి దూరేటప్పుడే సిగ్నల్ పగిలిపోయి ఉంటుంది కాబట్టి పూర్తిగా బాగవదు, కానీ ఈగలు లేచిపోవడం మాత్రం నీ చెవికే తెలుస్తుంది. అది విన్నాక ఇంకో డిస్టార్షన్ కొనాలనిపిస్తే నా మాట వినకు, కొనుక్కో.

ఇక గిల్మోర్. ఆయన వాడిన బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ గురించి నువ్వు ఎక్కడో చదివే ఉంటావు, నీ లిస్టులో ఫజ్ అందుకే చేరిందని నా అనుమానం. ఆ పెడల్ ఒక్కదాన్నే వింటే మధ్య ఫ్రీక్వెన్సీలు లోతుగా తవ్వేసి ఉంటాయి, ఇంట్లో ఒంటరిగా వాయిస్తే బ్రహ్మాండం, డ్రమ్సూ బేసూ చేరగానే కనపడకుండా పోతుంది. గిల్మోర్ దాన్ని హైవాట్ అనే పెద్ద ఆంప్‌లోకి పంపేవాడు, ఎంత సౌండ్ పెంచినా పగలకుండా శుభ్రంగా ఉండటమే ఆ ఆంప్ గొప్ప, అక్కణ్నుంచి పన్నెండంగుళాల స్పీకర్లు, వాటి ముందు మైకులు. ఎకో కోసం మొదట్లో బిన్సన్ ఎకోరెక్ అనే ఇటలీ మిషను, లోపల టేపు బదులు ఒక లోహపు డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. ఇన్ని ఉన్నా, 1979లో వచ్చిన ది వాల్ ఆల్బమ్‌లో అందరూ నెత్తిన పెట్టుకునే కంఫర్టబ్లీ నమ్ పాట సోలో ఒక్క ఊపులో వాయించింది కాదు. ఐదారు సార్లు వాయించి, ప్రతిదాంట్లో బాగున్న ముక్కలు గుర్తుపెట్టుకుని, వాటిని కలిపి ఒకటిగా చేశాడు. ఆ పని చేయడానికి రీపర్‌లో నీకు మూడు బటన్లు చాలు. గిల్మోర్ వాడిన సామాన్లలో నీకు అచ్చంగా అందుబాటులో ఉన్నది అదొక్కటే, మొదలుపెట్టు.

కాబట్టి 35,000 ఎక్కడ పెట్టాలి? నా ఓటు ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి సరిగ్గా కలిపే డబ్బాకి. గిటార్ గుచ్చడానికి ప్రత్యేకంగా ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న చిన్నది చాలు. మైక్ ఇన్‌పుట్ లాగా అది పికప్‌ని నొక్కేయదు, పైన ఉండే మెరుపు పోదు. దాంతోపాటు చెవులు పూర్తిగా మూసే రకం హెడ్‌ఫోన్స్, ఒక మంచి కేబుల్. మిగిలిన దాంట్లోంచి కొంత తీసి గిటార్‌ని బెంగళూరులోనో కర్నూలులోనో చెయ్యి తిరిగినవాడి దగ్గర సెటప్ చేయించు. మన ఎండలకి చెక్క ఎండి కుంచించుకుపోయి, ఫ్రెట్ చివర్లు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటుంటాయి, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పుతుంటుంది. శ్రుతి తప్పిన గిటార్‌కి ఎన్ని ఎఫెక్టులు పెట్టినా అపశ్రుతి ఇంకాస్త పెద్దగా వినపడుతుంది. ఆంప్ సంగతంటావా, న్యూరల్ ఆంప్ మోడలర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, నిజం ఆంప్‌ల నకళ్లు దాంట్లోకి ఎక్కించుకోవచ్చు. హైవాట్ నకలు కూడా వెతుక్కో.

ఇంటర్‌ఫేస్ వచ్చాక చాలామంది మొదటిరోజే విసిగిపోయే చోటు ఒకటుంది, తీగ మీటాక కాసేపటికి సౌండు రావడం. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్ వేసుకో, బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి పోగేసుకునే సౌండు ముక్క) 128 శాంపిల్స్ దగ్గర పెట్టు. సెకనుకి 48,000 శాంపిల్స్ రేటు మీద అది 2.7 మిల్లీసెకన్లు, పోయేది వచ్చేది, ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం అన్నీ కలిపి మొత్తం పది లోపు ఉంటే చాలు. ధ్వని గాల్లో మీటరు దూరం పోవడానికే దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ఆంప్‌ని గదిలో అటు గోడకి పెట్టి ఇటు గోడ దగ్గర నిలబడి వాయించినట్టే, ఎవరికీ తెలియదు. అక్క ల్యాప్‌టాప్ పాతదై టకటకమని పగుళ్లు వినిపిస్తే 256కి పోవచ్చు. లెవెల్ మాత్రం గట్టిగా కొట్టినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేట్టు పెట్టుకో, ఎర్ర లైటు వెలిగేదాకా పెంచడం మైక్‌సెట్టు అలవాటు, ఇక్కడ పనికిరాదు.

ఇంకొకటి. రికార్డుల్లో గోడలా వినిపించే రిథమ్ గిటార్‌లో నువ్వు అనుకునేంత డిస్టార్షన్ ఉండదు. ఒకే ముక్కను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెడతారు. కాపీ పేస్ట్ చేస్తే కుదరదు, రెండుసార్లూ చేత్తో వాయించాలి, ఆ రెంటి మధ్య ఉండే వెంట్రుకవాసి తేడాల వల్లే అది వెడల్పుగా వినిపిస్తుంది. గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, సగానికి తగ్గించి ఇలా చేసి చూడు. తర్వాత 80 హెర్ట్జ్ కింద కోసెయ్, నీ గిటార్‌లో లావు తీగే 82 హెర్ట్జ్, దాని కిందున్నదంతా ఫ్యానూ లారీలూ.

నీ పది వాట్ల ఆంప్‌ని కూడా తీసిపారేయకు. వినాయక చవితికి మీ వీధి మంటపంలో మైకు పెట్టే వాళ్లు ఎవరో ఉంటారు కదా, వాళ్ల దగ్గర పాటలు పాడే డైనమిక్ మైకు ఒకటి పూటకి అడుగు. స్టూడియోల్లో గిటార్ ఆంప్ ముందు 1965 నుంచీ కనిపిస్తున్న ష్యూర్ ఎస్ఎం57, మైక్‌సెట్టు వాళ్ల చేతుల్లో ఉండే ఎస్ఎం58 లోపల దాదాపు ఒకటే. దాన్ని ఆంప్ జాలీకి రెండు వేళ్ల దూరంలో పెట్టు. కోను నడిబొడ్డుకి ఎదురుగా పెడితే సౌండు పదునుగా గుచ్చుకుంటుంది, అంచు వైపు జరిపేకొద్దీ మెత్తబడుతుంది. ఒక్క అంగుళం జరిపితే వచ్చే తేడా ట్రెబుల్ గుండీ తిప్పితే కూడా రాదు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు జరపాలి, ఒంటరిగా చేస్తే లేచి కూర్చోవడంతోనే సరిపోతుంది. గదిలో కింద నాపరాళ్లు, పైన స్లాబు అయితే శబ్దం గిన్నెలో గోళీలా తిరుగుతుంది, రివర్బ్ పెడల్ కొనక్కర్లేదన్నమాట. ఆ రివర్బ్ వద్దనుకుంటే ఆంప్ వెనకా పక్కలా దూది పరుపులు నిలబెట్టు. ఆదోనిలో ఉండి దూది దొరకలేదని మాత్రం నాకు రాయకు.

ఇక రెండో జబ్బు, గుయ్‌మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, దాదాపు 49 దగ్గరుండే జి స్వరం పక్కనే కూర్చుంటుంది, అంటే మీ ఇల్లంతా రాత్రింబగళ్లు కొంచెం ఎక్కువ శ్రుతిలో జి పాడుతోంది, నీ సింగిల్ కాయిల్ పికప్ దాన్ని పట్టి వినిపిస్తోంది. కూర్చున్నచోటే గిటార్‌తో సహా నెమ్మదిగా చుట్టూ తిరుగు. ఏదో ఒక దిక్కున మోత సగం తగ్గిపోతుంది, వాయించేటప్పుడు ఆ దిక్కుకే కూర్చో, వాస్తు అనుకో. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చెయ్, చాలా ఇళ్లలో సగం గొడవ అక్కడే తీరుతుంది. గుండ్రంగా ఎంతైనా తిరిగే రకం ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే, అది రెండులో ఉన్నప్పుడు గరగరలాడి, ఫుల్లులో పెట్టగానే ఊరుకుంటుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే మోత పెరిగితే మీది స్క్వేర్ వేవ్ రకం అయ్యుండొచ్చు, అప్పుడు వాయించడం ఆపి టీ తాగడమే.

ఇవన్నీ చేసినా పోకపోతే ఎర్తింగ్. ఇక్కడ నీకు మీ నాన్న కావాలి. మన వైపు పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉంటుంది కానీ మూడో కన్నం వెనక వైరే ఉండదు. వైరు ఉన్నా, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్త్ గుంత ఎండాకాలానికి ఒట్టిపోయి ఉంటుంది, దాంట్లో నాలుగు బిందెల నీళ్లు పోయగానే ఆంప్ మోత తగ్గడం మా ఇంట్లో నేను చెవులారా విన్నాను. తీగల మీద చెయ్యి పెట్టగానే మోత కాస్త తగ్గితే భయం లేదు, అది మామూలే. చెయ్యి పెడితే జివ్వుమంటే మాత్రం అన్నీ ఆపేసి నాన్నని పిలువు, మిల్లులో మోటార్లు చూసే మనిషికి ఇది పది నిమిషాల పని. మోత పోవాలని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచేయమని ఎవడైనా సలహా ఇస్తే వాడితో మాట్లాడకు.

అడాప్టర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. పెడల్స్‌కి ఎక్కువగా 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్. నేనొకసారి తొందర్లో కీబోర్డు అడాప్టర్ తెచ్చి గుచ్చాను, పిన్ను సరిగ్గా పట్టింది, లైటు ఒకసారి వెలిగింది, తర్వాత కాలిన అప్పడం వాసన. అది పన్నెండు వోల్టులు, మధ్యలో పాజిటివ్. పోయింది పచ్చ రంగు ఓవర్‌డ్రైవ్ పెడల్, మూడు నెలల పాకెట్ మనీ. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, సున్నా మధ్యలో చుక్క, దానికి అటు ప్లస్సు ఇటు మైనస్సు, గుచ్చే ముందు అది చూడు.

మల్టీ ఎఫెక్ట్స్ అన్న మీ ఫ్రెండ్ తప్పేం చెప్పలేదు. వచ్చే ఏడాది బ్యాండ్ కట్టి కాలేజీ డేకి వాయించే ఉద్దేశముంటే, ఐఆర్ లోడ్ చేసుకునే వీలు, యూఎస్‌బీ మీద రికార్డింగ్ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ ఒక్కటి కొంటే ఇంటర్‌ఫేసూ అదే, ఆంపూ అదే, ఫంక్షన్ హాల్లో నాకు జరిగింది నీకు జరగదు. ఇప్పటికి బ్యాండ్ లేదన్నావు, ల్యాప్‌టాప్ ఉంది, అందుకే నేను ఇంటర్‌ఫేస్ అన్నాను. కోరస్ నీకు ఇప్పుడు దేనికో నాకు అర్థం కాలేదు. డిలే మాత్రం కొనదగ్గదే, కానీ ముందు సాఫ్ట్‌వేర్‌లో వాడి లెక్క నేర్చుకో. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీటు మిల్లీసెకన్లలో వస్తుంది, 120 అయితే 500, దాంట్లో ముప్పాతిక 375, ఆ 375 పెట్టి ఎనిమిదో వంతు స్వరాలు వాయిస్తే ఎకో నీ స్వరాల మధ్య ఖాళీల్లో వచ్చి కూర్చుంటుంది. యూటూ బ్యాండ్ గిటారిస్టు ఎడ్జ్ దీని మీదే ఒక జీవితం నడిపాడు. రేజ్ అగెయిన్స్ట్ ది మెషీన్ బ్యాండ్ గిటారిస్టు టామ్ మొరెల్లోకి అయితే పెడల్స్ అంటే ఒక వా, ఒక వామీ, ఒక డిలే, ఒక ఈక్యూ, దాదాపు ఇంతే సామాను, దశాబ్దాలు గడిచినా మార్చలేదు.

మీ నాన్నకి మాత్రం క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే కథ చెప్పు. కొనడానికి డబ్బుల్లేక 1963లో తండ్రీ కొడుకులు కలిసి ఇంట్లోనే గిటార్ చేయడం మొదలుపెట్టారు. మెడకి పాత చలిమంట గూటి చెక్క, తీగల శ్రుతిని ఊపే ట్రెమొలోకి కత్తి అంచు, దాని స్ప్రింగులు ఒక పాత మోటార్ సైకిల్ వాల్వు స్ప్రింగులు. దాదాపు జీవితమంతా ఆయన వాయించింది ఆ గిటార్‌నే, పిక్కు బదులు ఆరు పెన్నీల నాణెంతో, ఒక ట్రెబుల్ బూస్టర్ పెట్టుకుని వోక్స్ ఏసీ30 ఆంప్‌లోకి. వాల్వు స్ప్రింగుల మాట వినగానే మీ నాన్న కుర్చీ దగ్గరకు లాక్కుంటాడని నా పందెం. ఎర్త్ గుంత సంగతి అప్పుడు ఎత్తు.

పాత పెడల్ అమ్మకు. అమ్మితే ఇద్దరికి సరిపడా బిర్యానీ వస్తుందేమో, అంతే. దాన్ని డిస్టార్షన్‌గా వాడటం మానేసి, డిస్టార్షన్ గుండీని తొమ్మిది గంటల ముల్లు దగ్గరకు దించి, లెవెల్‌ని బాగా పెంచి, ఇప్పటికే కాస్త పగులుతున్న ఆంప్ మోడల్ ముందు పెట్టు. అది ఆంప్‌ని వెనక నుంచి నెడుతుంది. టోన్ గుండీ పదకొండు దాటించకు, దాటితే ఈగలు మళ్లీ వస్తాయి.